దాగియుండు క్షయ: దానిని కనిపెట్టు మార్గము



క్షయ మన వాఙ్మయమునకు క్రొత్త వ్యాధి కాదు. దక్షుని శాపమువలన చంద్రుడు క్షయపీడితుడై దినదినమును కృశించెనని పురాణకథ. భారతమున విచిత్రవీర్యుడు నిండు యౌవనమున యక్ష్మవ్యాధికి బలి కాగా కురువంశమునకు వారసుడు లేని దుస్థితి దాపురించినది. చరకసంహిత దీనిని రాజయక్ష్మమని పిలిచి, మూడు లక్షణములతో కానవచ్చునది, ఆరు లక్షణములతో కానవచ్చునది, పదునొకండు లక్షణములతో కానవచ్చునది అని విభజించినది. అనగా ఈ వ్యాధి అందరియందును ఒకే రూపమున పొడసూపదని పూర్వులు ఎరిగియే యున్నారు.

కాళిదాసు రఘువంశమును అగ్నివర్ణుని కథతో ముగించెను. ఆ రాజు క్షయచే కృశించుచుండగా, మంత్రులు ఆ సంగతి ప్రజలకు తెలియనీయక, ప్రభువు పుత్రార్థము జపతపములలో నున్నాడని చెప్పుచు వచ్చిరి. అతడు మరణించిన పిమ్మట రోగశాంతి నెపమున అంతఃపురపు తోటలోనే రహస్యముగా దహనము గావించిరి. వ్యాధి శరీరములో దాగుట యొకటి. వ్యాధిని మనుష్యులు దాచుట మరియొకటి. ఈ రెండు మరుగులును కలసినచోట ప్రాణహాని తప్పదు. హెచ్.ఐ.వి. కలవారియందు క్షయను కనిపెట్టుట అను విషయమునకు ఈ రెండే మూలసూత్రములు. కనుక ఈ ప్రసంగమున ముందు మొదటి మరుగును గూర్చియు, పిదప రెండవదానిని గూర్చియు చెప్పుకొందము.

1882వ సంవత్సరము మార్చి 24వ తేదీన బెర్లిను నగరమున రాబర్టు కాఖ్ అను వైద్యశాస్త్రజ్ఞుడు క్షయకు కారణమైన సూక్ష్మజీవిని లోకమునకు చూపెను. నాటితో ఇది శాపము కాదనియు, వంశపు దోషము కాదనియు తేలిపోయినది. ఊపిరితిత్తులలో క్షయ గల మనిషి దగ్గినప్పుడు ఆ సూక్ష్మజీవులు గాలిలో కలియును; ఆ గాలి పీల్చినవారి శరీరమున ప్రవేశించును. అయితే ప్రవేశించిన ప్రతిచోటను వ్యాధి కలుగదు. ఆరోగ్యవంతుని శరీరము వానిచుట్టు కంచె కట్టి నిద్రపుచ్చును. అట్లు నిద్రించు సూక్ష్మజీవులు గలవారు నూరుగురుండిన, జీవితకాలమంతటిలో సుమారు పదిమందికి మాత్రమే వ్యాధి బయలుపడును.

ఆ కంచెకు కావలి కాయునవి రక్తములోని ఒక జాతి తెల్లకణములు. వైద్యులు వీనిని సి.డి.4 కణములందురు. హెచ్.ఐ.వి. అను వైరసు సరిగా ఈ కావలివారినే పట్టి చంపును. మందు వాడని హెచ్.ఐ.వి. రోగులలో, నిద్రించుచున్న క్షయ మేల్కొను అవకాశము జీవితమునకు పదింట ఒకటి కాక, ఏటేటను పదింట ఒకటి వరకు ఉండునని వైద్యులు చెప్పుదురు. ఇతరులకు జీవితకాలమంతటికి గల భయము వీరికి ఒక్క సంవత్సరమున వచ్చినదన్నమాట. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క ప్రకారము 2023వ సంవత్సరమున లోకమున క్షయ సోకినవారు సుమారు 1 కోటి 8 లక్షలు. మరణించినవారు 12 లక్షల 50 వేలు. ఆ మృతులలో 1 లక్షా 61 వేలమంది హెచ్.ఐ.వి. కలవారు. హెచ్.ఐ.వి. కలవారిని చంపు వ్యాధులలో లోకమంతటను క్షయదే అగ్రస్థానము.

మన దేశమున హెచ్.ఐ.వి. తొలిసారి బయటపడినది 1986లో, మద్రాసునందు. డాక్టరు సునీతి సాలమన్ గారి ఆధ్వర్యమున సేకరించిన రక్తములను పరీక్షింపగా ఈ సంగతి తెలిసినది. తరువాత ఆంధ్రదేశము దీని బారిన మిక్కిలిగా పడిన ప్రాంతములలో నొకటియైనది. 2004వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన కేంద్రప్రభుత్వము వైరసును అణచు మందులను ఉచితముగా ఇచ్చు కార్యక్రమమును ఆరు రాష్ట్రములతో ఆరంభించినప్పుడు, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశము వానిలో నుండెను. ఈ మందులు వచ్చిన పిదప హెచ్.ఐ.వి. కలవారు దీర్ఘకాలము బ్రతుకుచున్నారు, పిల్లలను పెంచుచున్నారు, పొలము పనులు చేసికొనుచున్నారు. ఇంతటి మేలును నడుమ తన్నుకొనిపోవు గ్రద్ద క్షయ.

మరి క్షయను కనిపెట్టి మందు ఇయ్యరాదా అందురేమో. కష్టమంతయు ఆ కనిపెట్టుటయందే ఉన్నది.

పల్నాటివారికి కోటలును పోరులును క్రొత్త కాదు గనుక ఆ ఉపమానమే ఇచట తగును. కోటలో సైన్యము బలముగా నున్నప్పుడు శత్రువు వచ్చిన మరుక్షణమున భేరీలు మ్రోగును, కత్తులు ఖణేలుమనును, ఊరంతయు మేల్కొనును. కావలివారు లేని కోటలో శత్రువు చప్పుడు లేకుండ దూరును. తెల్లవారువరకు ఎవరికిని తెలియదు. క్షయలో మనము గుర్తులుగా భావించునవి చాలభాగము శత్రువు చేసిన చప్పుడు కావు. శరీరము చేసిన పోరాటపు చప్పుడు. ఊపిరితిత్తులలో ఏర్పడు గుంతలు, ఎక్స్‌రే పటమున కానవచ్చు మచ్చలు, చేతికి సూది వేసినచోట లేచు బొబ్బ, ఇవన్నియు ఆ పోరునుండి పుట్టినవే. సి.డి.4 కణములు తరిగిపోయినవానికి ఆ గుంతలు పడవు. గుంతలు పడనందున గళ్ళలోనికి సూక్ష్మజీవులు ఎక్కువగా రావు. ఎక్స్‌రే పటము ఒక్కొక్కప్పుడు శుభ్రముగనే ఉండును. చేతిమీది బొబ్బ లేవనే లేవదు.

నూరేండ్లకు పైగా వాడుకలో నున్నది సూక్ష్మదర్శినితో గళ్ళ పరీక్ష. ఇది చౌక, నమ్మదగినది. కాని దానికొక హద్దు కలదు. ఒక మిల్లీలీటరు గళ్ళలో అయిదు వేలు మొదలు పదివేల సూక్ష్మజీవులున్న గాని ఆ అద్దము క్రింద ఒక్కటియైనను కంటబడుట అరుదు. హెచ్.ఐ.వి. కలవాని గళ్ళలో అంత సంఖ్య తరచుగా ఉండదు. పరీక్ష చేసినవాడు ‘లేదు’ అని వ్రాయును. రోగి సంతోషించి ఇంటికి పోవును. వ్యాధి అతనితోనే ఇంటికి పోవును.

లెక్కలు తెలిసిన గ్రామస్థులకు ఈ భేదము సులభముగా బోధపడును. అడంగలులో ఒక సర్వేనంబరు కెదురుగా ‘పంట లేదు’ అని వ్రాసియున్న, ఎవరో చేను త్రొక్కి చూచి వ్రాసినారని అర్థము. గట్టుమీద నిలిచి దూరమునుండి చూచి ‘లేదు’ అని వ్రాసిన వ్రాత వేరు. చూపునకు రెండును ఒకే మాట. విలువ ఒకటి కాదు. హెచ్.ఐ.వి. కలవానికి గళ్ళ పరీక్ష ఒక్కటి చేసి ‘క్షయ లేదు’ అనుట గట్టుమీది వ్రాత వంటిది. చేను త్రొక్కి చూడవలసియే ఉన్నది.

పైగా వీరియందు క్షయ ఊపిరితిత్తులనే అంటిపెట్టుకొని యుండదు. మెడలోను చంకలోను గడ్డలై లేచును. ఊపిరితిత్తుల చుట్టు నీరై చేరును. కడుపులో చేరి జ్వరమును, నొప్పిని తెచ్చును. మెదడు పొరలకు సోకి తలనొప్పి, వాంతులు, మతిమరపు కలిగించును. ఒక్కొక్కప్పుడు ఆవగింజలవలె శరీరమంతటను చల్లబడును. వీనిలో కొన్నిటికి దగ్గే ఉండదు. దగ్గు లేనిదే క్షయ లేదను నమ్మకము ఇచట పనికిరాదు.

ఇక మన ప్రాంతపు చిక్కొకటి కలదు. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలలో పనిచేయువాడు దగ్గు వచ్చిన దానిని దుమ్ముకు జమకట్టును. మిరపకాయల కల్లములో కూలి చేయు ఆడది ఘాటువలన అనుకొనును. రాతిపని చేయువాడు తన వృత్తి మహిమ అని ఊరకుండును. మాచర్ల ఎండలో సన్నజ్వరము వచ్చిన వడదెబ్బ అందురు. హెచ్.ఐ.వి. ఉన్నదని తెలిసిన ఇంటిలో మరియొక విధపు పొరపాటు జరుగును. మనిషి చిక్కిపోవుచుండగా, ‘ఆ రోగము అట్లే పీల్చును, మనమేమి చేయగలము?’ అని బంధువులు నిట్టూర్తురు. ఈ నిట్టూర్పే ప్రాణాంతకము. హెచ్.ఐ.వి. జీవితాంతము మందుతో అణచియుంచవలసినది. క్షయయో ఆరు నెలల మందుతో సామాన్యముగా నయమగునది. తీరని బాకీ ఉన్నదని తీర్చదగిన బాకీని వదలివైచి ఇల్లు వేలమునకు తెచ్చుకొనువానిని లోకము తెలివిగలవాడనదు.

కనుక చేయవలసినదేమి? మొదటి సాధనమునకు యంత్రమక్కరలేదు, ధనమక్కరలేదు. నాలుగు ప్రశ్నలు చాలును. దగ్గు ఉన్నదా? జ్వరము ఉన్నదా? బరువు తగ్గుచున్నదా? రాత్రివేళ పక్క తడియునట్లు చెమటలు పట్టుచున్నవా? హెచ్.ఐ.వి. కల పెద్దవారిని మందులకొరకు కేంద్రమునకు వచ్చిన ప్రతిసారియు ఈ నాలుగును అడుగవలెనని వైద్యవిధానము. ఇతరుల విషయమున రెండు వారముల దగ్గును లెక్కించుట వాడుక. వీరి విషయమున ఆ గడువు లేదు. నిన్న మొదలైన దగ్గైనను దగ్గే. నాలుగింటిలో ఏ ఒక్కదానికి ‘ఔను’ అని జవాబు వచ్చినను పరీక్ష జరుగవలయును. చిన్నపిల్లలకైన దగ్గు, జ్వరము, బరువు పెరుగకుండుట, ఇంటిలో క్షయరోగితో కలసి మెలగుట, ఈ నాలుగును చూతురు. ఒకమారు అడిగి ఊరకుండరాదు. నేడు లేనిది వచ్చే నెల రావచ్చును.

రెండవ సాధనము క్రొత్త పరీక్ష. సూక్ష్మజీవిని కంటితో వెదకుటకు మారుగా, దాని బీజపదార్థమును పట్టి ఎన్నెన్నో రెట్లు పెంచి గుర్తించు యంత్రములు వచ్చినవి. జీన్‌ఎక్స్‌పర్ట్ అను దానిని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2010 డిసెంబరులో ఆమోదించినది. మన ఆసుపత్రులలో దీనిని సి.బి.నాట్ పరీక్ష అందురు. సూక్ష్మదర్శినికి వేలు కావలసినచోట దీనికి మిల్లీలీటరునకు నూటముప్పది సూక్ష్మజీవులున్న చాలును. రెండు గంటలలో ఫలితము తెలియును. రిఫాంపిసిను అను ముఖ్యమైన మందునకు ఆ సూక్ష్మజీవి లొంగునో లేదో కూడ అదే చెప్పును. భారతదేశముననే తయారైన ట్రూనాట్ యంత్రమునకు 2020లో ఆ సంస్థ ఆమోదము లభించినది. ఇది చిన్నది, బ్యాటరీతో నడుచును, చిన్న ఆసుపత్రులకు సయితము తగినది. హెచ్.ఐ.వి. కలవానికి క్షయ అనుమానము కలిగినప్పుడు మొదటనే ఈ పరీక్ష చేయవలెను గాని, పాత పరీక్షలో లేదని వ్రాసి పంపివేయుట తగదు. రోగియు, రోగి బంధువులును సి.బి.నాట్ లేక ట్రూనాట్ పరీక్ష చేయుమని వినయముగా అడుగవచ్చును. అడుగుట తప్పు కాదు.

యంత్రమెంత గొప్పదైనను దానికిచ్చు పదార్థము మంచిదై యుండవలెను. ఉమ్మి గళ్ళ కాదు. ఉదయము నిద్ర లేచి, నోరు నీళ్ళతో పుక్కిలించి, ఆరుబయట నిలిచి, రెండు మూడు మారులు నిండుగా ఊపిరి పీల్చి, రొమ్ము లోతునుండి దగ్గి తీసినదే గళ్ళ. మెడలో గడ్డ ఉన్న సూదితో దానినుండి కొంత తీసి పరీక్షింపవచ్చును. మెదడు పొరల అనుమానమున్న వెన్నులోని నీరు తీయుదురు. ప్రజలు దీనికి భయపడుదురు. భయపడి ఆలస్యము చేయుటయే అంతకన్న భయంకరము.

గళ్ళ తీయలేనంత నీరసించినవారికి మూడవ సాధనము కలదు. అది మూత్రపరీక్ష. క్షయ శరీరమంతట వ్యాపించినప్పుడు ఆ సూక్ష్మజీవి పైపొరలోని ఒక పదార్థము మూత్రములో దిగును. కాగితపు పట్టీమీద కొద్దిపాటి మూత్రము వేసిన ఇరువదియైదు నిమిషములలో గీత పడును. దీనికి లామ్ పరీక్ష అని పేరు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2015లో దీనిని అనుమతించి 2019లో మరింత విస్తరించినది. కావలి కణములు మిక్కిలి తరిగినవారికే ఇది బాగుగా పనిచేయుట దీనియందలి విశేషము. ఇతర పరీక్షలు ఓడిపోవుచోట ఇది గెలుచును. అయితే ఇందులో గీత పడనంతమాత్రమున వ్యాధి లేదని అనరాదు. ఇది అన్ని ఆసుపత్రులలోను దొరకకపోవచ్చును గనుక వైద్యుని అడిగి తెలిసికొనవలెను.

సూక్ష్మజీవిని సీసాలో పెంచి చూచుట అన్నిటికన్న సున్నితమైన పరీక్ష. కాని ఈ సూక్ష్మజీవి సోమరి. ఒకటి రెండగుటకు సుమారు ఒక దినము పట్టును. కావున ఫలితము వారములకు గాని రాదు. అంతవరకు రోగి నిలువగలడా అనునది ప్రశ్న. నిమిషమునకు ముప్పదికి మించి ఊపిరులు, నూట ఇరువదికి మించి నాడి, నూట రెండు డిగ్రీలు దాటిన జ్వరము, ఒకరి సాయము లేనిదే నడువలేకుండుట, వీనిలో ఏ ఒక్కటి ఉన్నను అది ప్రమాదస్థితి. అట్టివానిని ఆ దినముననే పెద్ద ఆసుపత్రికి చేర్పవలెను. పరీక్షలన్నియు ‘లేదు’ అన్నను, లక్షణములనుబట్టి వైద్యుడు క్షయమందు ఆరంభించుటయు కలదు. అది గ్రుడ్డి సాహసము కాదు. పరీక్షల హద్దు తెలిసినవాని వివేకము.

తెలుగుదేశము ఈ యుద్ధమున వెనుకబడి లేదు. మదనపల్లె చెంత ఆరోగ్యవరమున క్షయ చికిత్సాలయము 1910 తరువాతి ఏండ్లలోనే వెలసి, మందులు లేని కాలమున గాలి, వెలుతురు, విశ్రాంతులతో రోగులను కాపాడినది. 1956లో మద్రాసున ఆరంభమైన పరిశోధనకేంద్రము, రోగిని ఇంట నుంచియే మందులిచ్చినను చికిత్సాలయమున నుంచినంత గుణము కలుగునని నిరూపించి లోకమునకు దారి చూపినది. ఇటీవల అప్పటి అనంతపురము జిల్లా బత్తలపల్లిలోని గ్రామీణ ఆసుపత్రివారు, హెచ్.ఐ.వి. కల పల్లెప్రజలలో క్షయను గూర్చియు, సి.బి.నాట్ యంత్రపు ఉపయోగమును గూర్చియు పరిశీలనలు జరిపి ప్రచురించిరి. పల్లెటూరి రోగి లోకజ్ఞానమునకు తోడ్పడినాడు. ఆ జ్ఞానము తిరిగి పల్లెటూరికి చేరవలెను.

క్షయ తేలిన పిమ్మట జాగు చేయరాదు. ముందు క్షయమందు మొదలుపెట్టి, వైరసు మందు వాడనివారికి రెండు వారములలో దానిని కూడ ఆరంభింతురు. మెదడు పొరల క్షయ ఉన్న మాత్రము నాలుగు మొదలు ఎనిమిది వారములు ఆగుదురు. వైరసు మందు ఆరంభించిన కొలదివారములకు కొందరికి జ్వరము, గడ్డల వాపు హెచ్చును. మందు వికటించినదని మానివేయుదురు. నిజమునకు కోటలో సైన్యము తిరిగి లేచి పోరాడుచున్న చప్పుడు అది. వైద్యునికి చూపవలెను గాని మందు మానరాదు. క్షయమందు, వైరసు మందు ఒకదాని బలము నొకటి తగ్గించుటయు కలదు గనుక, రెండును వాడుచున్న సంగతి ప్రతి వైద్యునికి చెప్పవలెను. ఇక క్షయ లేదని సరిగా తేలినవారికి, అది రాకుండ కాపాడు మందు కూడ కలదు.

ఇంతవరకు చెప్పినది శరీరములోని మరుగు. మనుష్యులు కల్పించు మరుగు ఇంకను దట్టమైనది. ఊరివారు చూతురని పొరుగూరి ఆసుపత్రికి పోవువారు, మందు డబ్బా ధాన్యపు గాదెలో దాచువారు, దగ్గును కొంగుతో నొక్కిపట్టువారు ఎందరో. అగ్నివర్ణుని మంత్రులకు రాజ్యము భయము. వీరికి ఊరి నోరు భయము. హెచ్.ఐ.వి. కలవారిలో ఏ పాపమెరుగని ఇల్లాండ్రును, పుట్టుకతో పొందిన పసివారును ఉన్నారు. ఎవరికెట్లు వచ్చెనని విచారించుట ఇరుగుపొరుగువారి పని కాదు.

హెచ్.ఐ.వి. కలసి భుజించుటవలన రాదు, ఒకే బావినీరు త్రాగుటవలన రాదు, తాకుటవలన రాదు. క్షయ గాలిద్వారా వచ్చు మాట నిజమే. అందులకు నోటికి గుడ్డ అడ్డము, ఇంటికి కిటికీ, సకాలమున మందు, ఇవి చాలును, వెలి అక్కరలేదు. సరియైన మందు పడిన వెంటనే రోగి ఇతరులకు వ్యాధి నంటించు శక్తి త్వరగా క్షీణించును. 2017లో చేయబడి 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనికి వచ్చిన చట్టము, హెచ్.ఐ.వి. కలవానియెడ వివక్ష చూపుటను, అతని అనుమతి లేక సంగతి బయటపెట్టుటను నిషేధించినది. క్షయరోగులకు మందు ఉచితము. పోషణకొరకు 2018లో నెలకు 500 రూపాయలుగా మొదలైన ప్రభుత్వసాయము 2024 నవంబరునుండి 1000 రూపాయలైనది. హెచ్.ఐ.వి. గూర్చిన సందేహములకు 1097 సంఖ్యకు ఉచితముగా ఫోను చేయవచ్చును.

చట్టములు రాకముందే ఈ సీమ ఒక పాఠము నేర్చినది. బ్రహ్మనాయుడు మాచర్లలో అన్ని కులములవారిని ఒకే చాపమీద కూర్చుండబెట్టి చాపకూడు పెట్టించెనని పల్నాటి వీరచరిత్ర చెప్పుచున్నది. కార్యమపూడి రణరంగమున ఆ పంక్తివారు కలసియే పోరిరి. అట్టి గడ్డమీద పుట్టినవారు జబ్బుపడిన పొరుగువానికి ప్రత్యేకపు కంచము పెట్టి అరుగుమీద కూర్చుండబెట్టుట తగునా? చాపమీద చోటు దొరికినవాడే దగ్గు సంగతి చెప్పును. చెప్పినవానికే పరీక్ష జరుగును. పరీక్ష జరిగినవాడే బ్రదుకును.

ఇందు గ్రంథాలయమునకు గల పని చిన్నది కాదు. చదువ నేర్చినవాడు పత్రిక చదివి నేర్వనివానికి వినిపించుట ఈ మందిరమునకు వన్నె తెచ్చు ఆచారము. అటులనే ఈ నాలుగు ప్రశ్నలను పెద్ద అక్షరములతో అట్టమీద వ్రాసి గోడకు తగిలింపుడు. ఎవరిని వేలెత్తి చూపక, ఊరందరికిని చదివి వినిపింపుడు. దగ్గు, జ్వరము, బరువు తగ్గుట, రాత్రి చెమట. ఈ నాలుగింటిలో ఒకటి ఉన్నవానిని వెంటబెట్టుకొని ఆసుపత్రికి తీసికొనిపోవువాడు, వేయి పుస్తకములు దానమిచ్చినవానికి తీసిపోడు.

స్వస్తి.